మూడో ట్రిప్పు

కింది యార్డు,
పరీక్షకి వారం ముందు

డీజిలు సామ్రాజ్యానికి చక్రవర్తీ, పై షెడ్డుకి హెడ్ మెకానిక్కూ, మా అక్కకి మొగుడూ అయిన బావగారికి,

మరదలు రాస్తున్నది. మీ షెడ్డుకి ఫోను సిగ్నలు ఇంకా కొండెక్కలేదు. క్వారీ ఆఫీసులో ఉన్న ఒక్క ఫోనూ గుమాస్తా పక్కనే ఉంటుంది, ఆయన చెవుల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని ఈ ఉత్తరం కూడా మామూలు దారిలోనే, అంటే లారీ డ్యాష్‌బోర్డు పెట్టెలో కూర్చుని వస్తోంది. దారిలో ఎవరూ విప్పకుండా ఆరు పిన్నులు కొట్టాను. తక్కువైతే డ్రైవరు చెవి మెలిపెట్టండి.

ఎలక్ట్రిక్ లారీలు ఆరూ వచ్చేశాయి. యార్డులో వరసగా నిలబడి ఉన్నాయి, కొత్త పెళ్ళికొడుకుల్లా ఒక్కటీ నోరు విప్పడం లేదు. వీటి కోసం యజమానిని ఒప్పించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆయనకి చెప్పిందే మీకూ చెబుతాను. మన బండ్లు ఖాళీగా కొండెక్కుతాయి, క్వారీలో రాయి నింపుకుని ఫ్యాక్టరీకి దిగుతాయి. ఎక్కేటప్పుడు ఇవి కరెంటు తింటాయి. దిగేటప్పుడు లోడు బరువే చక్రాల్ని తిప్పి, ఆ కరెంటులో కొంత మళ్ళీ బ్యాటరీలోకి పోస్తుంది. మన దారి వీటికోసమే వేసినట్టుంది.

షరతు ఏమిటంటే, ఒకసారి చార్జింగు పెడితే బండి మూడు ట్రిప్పులు తిరిగి రావాలి. నూట ఇరవై రోజుల పరీక్ష. మొదటి మూడు నెలలూ అలవాటు పడటానికి వదిలేశారు, ఆఖరి ముప్పై రోజుల లెక్కే లెక్క. నెగ్గితే మన నలభై డీజిలు లారీలూ అమ్మేస్తారు. ఓడితే ఈ ఆరింటినీ వెనక్కి పంపేస్తారు, వాటి వెనకే నన్నూ. ఈ ముక్క యజమాని నవ్వుతూ చెప్పాడు. ఆయన నవ్వుతూ చెప్పినవే నిజమవుతాయి.

కాబట్టి నాకు ఆరుగురు మంచి డ్రైవర్లు కావాలి. ఎవరు బండిని బండిలా చూస్తారో, ఎవరు అత్తారింటి సొత్తులా వాడతారో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీరే ఏరి పెట్టండి.

ఇవి వస్తే పై షెడ్డు ఏమవుతుందని అక్క అడిగింది. ఏమీ కాదని చెప్పండి. వీటికీ నట్లూ బోల్టులూ ఉంటాయి.

మీ నోటికి భయపడని ఒకే ఒక్క ప్రాణి,
మరదలు (మీ పై అధికారి కూడా)


పై షెడ్డు,
పరీక్షకి నాలుగు రోజుల ముందు

మేనేజరు మరదలికి,

పిన్నులు ఐదే ఉన్నాయి. ఆరోది డ్రైవరు చొక్కాకి గుండీ బదులు ఉంది. చెవి మెలిపెట్టాను గానీ పిన్ను తిరిగి తీసుకోలేదు, చొక్కా ఊడిపోయేలా ఉంది.

నీ కరెంటు లారీల గురించి, నా లెక్కన ఇస్త్రీ పెట్టెల గురించి, వాడే చెప్పాడు. "అన్నా, ముందు మూత ఎత్తితే లోపల ఇంజనే లేదు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లులా ఉంది" అన్నాడు. నేను ముప్పై ఏళ్ళుగా ఇనప కడ్డీ ఒక కొస ఇంజను మీదా, ఇంకో కొస చెవిలోనూ పెట్టుకుని రోగం చెబుతున్నవాణ్ణి. మూడో సిలిండరు దగ్గుతోందా, నాలుగోది మూలుగుతోందా అని వినాలి కదా. చప్పుడే చేయని దానికి ఏం వైద్యం చేయను? మీ అక్క మాట్లాడటం మానేసిన రోజుల్లో తప్పెక్కడుందో ఈనాటిదాకా ఒక్కసారీ కనిపెట్టలేకపోయాను.

అయినా నువ్వు అడిగావు గనక ఏరాను. ఐదుగురు నా శిష్యులు. నువ్వు మేనేజరువి అయ్యాక, నెలలో తక్కువ డీజిలు తాగించినవాడికి ఒకరోజు అదనపు సెలవు పెట్టావు కదా, ఆ సెలవు ఈ ఐదుగురి చేతులు దాటి పోలేదు. అందరిలోకీ ముందు ఉండేవాడు పిసినారి. వాడికి ఆ పేరు ఊరికే రాలేదు, బ్రేకు తొక్కడానికి కూడా మనసొప్పదు. ఆరోవాడికి నడుం పట్టేసింది, గతిలేక సైలెన్సర్‌ని పంపుతున్నాను. నోటికి సైలెన్సర్ లేదని వాడికి ఆ పేరు. డీజిలు తాగించడంలో వాడిని మించినవాడు కొండ మీద లేడు. వాడి బండి లెక్క చూసి నన్ను తిట్టకు.

నట్లూ బోల్టులూ ఉంటాయని నాకు తెలుసు. నేను అడిగేది నా సంగతి. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. మీ అక్కా నేనూ ఈ క్వార్టర్సులో ఉండేది ఈ షెడ్డు ఉండబట్టే. మూస్తారా, మూయరా? ఒక్క ముక్కలో రాయి.

నీ అక్క చేతిలో ఇరుక్కుపోయిన
బావ


కింది యార్డు,
పరీక్ష పన్నెండో రోజు

బావగారికి,

ప్రారంభోత్సవం మీరు చూడాల్సింది. యజమాని రిబ్బను ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. బండి ఆన్ చేసి ఉందని ఎవరికీ తెలియదు, అది చెప్పుకోదు కదా. సైలెన్సర్ కాలు ఎక్కడ పెట్టాడో ఏమో, బండి పిల్లిలా ముందుకు వచ్చి రిబ్బను తనే తెంపుకుంది. యజమాని ఆ వయసులో అంత దూరం గెంతగలడని నాకు తెలియదు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన ఉపన్యాసానికి అనుకున్నాడు.

అక్కడితో నవ్వు అయిపోయింది. మీరు పంపిన ఆణిముత్యాలు ఐదుగురూ రెండు ట్రిప్పులు బాగానే వేస్తారు. మూడో ట్రిప్పుకి ఎక్కుతూ ఎక్కుతూ సగం కొండలో బ్యాటరీ అయిపోయి ఆగిపోతారు. రోజూ ఇదే వరస. నిన్న పిసినారి బండిని డీజిలు లారీకి తాడు కట్టి లాక్కొచ్చారు. ఫ్యాక్టరీ వాళ్ళు పని మానుకుని గోడలెక్కి చూశారు.

వింత ఏమిటంటే సైలెన్సర్ మాత్రం మూడు ట్రిప్పులూ వేసి, నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతూ కూర్చుంటున్నాడు. బ్యాటరీలో ఇంకా మిగులుతోంది కూడా. బడిలో మొద్దబ్బాయికి ఫస్టు మార్కు వచ్చినట్టు ఉంది నాకు. వాడి బండి బ్యాటరీ తీసి పిసినారి బండికీ, పిసినారిది వాడికీ మార్పించాను. మళ్ళీ సైలెన్సరే ఫస్టు. ఎలా నడుపుతున్నావురా అని అడిగితే గంటసేపు చెప్పాడు, అందులో లారీ గురించి ఒక్క మాట లేదు.

మీ ప్రశ్న మరిచిపోలేదు. నా కుర్చీ ఉంటే మీ షెడ్డూ ఉంటుంది. ఇప్పటికి అది చాలు, నా తల తినకండి.

తాడు చూసి తల దించుకున్న
మరదలు


పై షెడ్డు,
పద్నాలుగో రోజు

మరదలు పిల్లా,

తాడు కట్టి లాగింది నా పదిహేడో నంబరు బండి. ఇరవై రెండేళ్ళ ముసలిది. ఆరోజు నుంచి దాని హారను శ్రుతి మారింది, గర్వం వల్ల అనుకుంటాను. దాని సైలెన్సరు పొగ నీ కొత్త పెళ్ళికొడుకు మొహాన కొడుతుంటే కడుపు నిండిపోయిందని పదిహేడో నంబరు డ్రైవరు చెప్పాడు. నేను పాపం అన్నాను. మీ అక్క నా మొహం చూసి, "ఆ పాపం అనేదేదో పళ్ళు కనబడకుండా అనండి" అంది.

అయితే ఒక ఫిర్యాదు. నీ బండ్లు క్వారీకి వచ్చినప్పుడు చప్పుడు చేయకుండా షెడ్డులోకి దూరుతున్నాయి. మొన్న నేను వంగి జాకీ తిప్పుతుంటే వెనక ఏదో తగిలింది. మీ అక్క అనుకుని, "ఇక్కడ కాదే, పనివాళ్ళున్నారు" అన్నాను. తిరిగి చూస్తే లారీ. షెడ్డంతా రెండు రోజులు నవ్వింది. దయచేసి వాటికి ఏదైనా కట్టించు, గంటో గిలకో.

బ్యాటరీల కంపెనీ ఇంజనీరు వస్తున్నాడని విన్నాను. డాక్టరు గారిని పంపు, నాడి చూస్తాడు. నాడి దొరికితే నాకూ చూపించమను.

నీ కష్టానికి నవ్వుతున్నానని అనుకోకు. నవ్వుతున్నాను గానీ, నీ కుర్చీ పోవాలని కాదు.

బావ


కింది యార్డు,
నలభై ఒకటో రోజు

బావగారూ,

నాకు పిచ్చెక్కేలా ఉంది. బ్యాటరీ డాక్టరు వచ్చాడు. రోజుకొక బండి చొప్పున ఆరు రోజులు డ్రైవరు పక్కన కూర్చుని కొండెక్కి దిగాడు. ఏమైందో చెప్పండి చూద్దాం? ఆరు బండ్లూ మూడేసి ట్రిప్పులు వేశాయి! పిసినారి బండిలో అయితే నాలుగో ట్రిప్పులో సగానికి సరిపడా మిగిలింది. డాక్టరు నా వంక చూసిన చూపు మీరు చూడలేదు. ఒంట్లో బాగానే ఉన్నా సెలవు చీటీ కోసం వచ్చినవాళ్ళని అసలు డాక్టర్లు అలాగే చూస్తారు.

ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిన మర్నాడే ఐదు బండ్లూ మళ్ళీ కొండ మధ్యలో. తాడు. పదిహేడో నంబరు. గోడలెక్కిన జనం.

బండిలోని రికార్డు పెట్టె చూద్దామంటే అది ట్రిప్పు మొదట్లో బ్యాటరీ ఎంత, చివర్లో ఎంత అన్నదే రాసుకుంటుంది, మధ్యలో జరిగేది దానికి పట్టదు. డ్రైవర్లని అడిగాను. "మేం బ్యాటరీని కంటికి రెప్పలా చూస్తున్నాం మేడం" అంటారు ఐదుగురూ, ఒకే గొంతుతో. అబద్ధమాడుతున్నట్టు లేరు. అదే నాకు భయంగా ఉంది.

బావగారూ, ఇప్పుడు వేళాకోళం లేదు. వాళ్ళు మీ చేతిలో తయారైనవాళ్ళు. మీకేమైనా తోస్తే చెప్పండి.

మరదలు


పై షెడ్డు,
నలభై నాలుగో రోజు

చిరంజీవి సౌభాగ్యవతి మరదలికి,

నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను. మేము ఇక్కడ క్షేమం. నీ ఉత్తరం అందినది. కొండ మీద గాలి ఎక్కువగా ఉంటోంది, దానివల్ల కూడా బండి ఎక్కువ కరెంటు తినవచ్చు. టైర్లలో గాలి సరిచూడమని చెప్పు. ఇంతకు మించి నాకేమీ తోచడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

బావ

ఒసే, అక్కని. ఉత్తరం అంటించమని ఇచ్చి స్నానానికి వెళ్ళారు, అందుకే ఈ తోక. మీ బావ పది రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివారు. జవాబుకి ఐదు కాగితాలు చింపారు. ఆయన ఇంత మర్యాదగా ఉండటం మా పెళ్ళిచూపుల తరవాత ఇదే చూడటం. నువ్వు ఏమైనా అన్నావా?


కింది యార్డు,
డెబ్బయ్యో రోజు

బావగారూ,

ఇన్నాళ్ళూ రాయలేదు, ఏం రాయాలో తెలియక. "క్షేమంగా ఉన్నావని తలుస్తాను" అట! మీరు నన్ను దెయ్యమన్నారు, ఇస్త్రీ పెట్టెల వ్యాపారి అన్నారు, నా వంట తిని ఆస్పత్రికి దారెటు అని అడిగారు. ఒక్కసారీ నాకు బాధ కలగలేదు. ఈ ఉత్తరం చదివాక మాత్రం భయం వేసింది. మీరు ఏదో దాస్తున్నారు. దాచడం కూడా చేతకాక టైర్లలో గాలి అంటున్నారు.

ఇక్కడి సంగతి వినండి. యజమాని మేనల్లుడు రోజూ వచ్చి నా గదిలో కిటికీ దగ్గర నిలబడుతున్నాడు. నిన్న టేపు తెచ్చి నా బల్ల కొలిచాడు. ఎందుకంటే, తన కంప్యూటరు పడుతుందో లేదో చూసుకుంటున్నాడట. నేను ఇంకా ఆ బల్ల వెనకే కూర్చుని ఉన్నాను! కాస్త జరగమని కూడా అన్నాడు.

ఇంకో ఇరవై రోజులకి అసలు లెక్క మొదలవుతుంది. అది ఇలాగే సాగితే నేను ఇంటికి పోతాను. పని చేతకాక పోతే ఏడ్చి ఊరుకుంటాను. కానీ ఎందుకు పోయానో తెలియకుండా పోవడం నావల్ల కాదు. మీకు తెలిసి చెప్పకపోతే మాత్రం, మా అక్క మొగుడు కదా అని కూడా చూడను.

మరదలు


పై షెడ్డు,
ఎనభై ఎనిమిదో రోజు

మరదలా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే మళ్ళీ చింపేస్తానని.

క్వారీ నుంచి వచ్చేటప్పుడు మలుపులు దాటాక పన్నెండు కిలోమీటర్ల పల్లం ఉంది కదా. ముప్పై ఏళ్ళ కిందట, నేను లారీ నడిపే రోజుల్లో, అక్కడ గేరు తీసేసి న్యూట్రల్‌లో పెట్టి బండిని వదిలేసేవాణ్ణి. ఇంజను ఊరికే గురక పెడుతూ ఉంటుంది, లారీ తన బరువుతో తనే దిగుతుంది, డీజిలు మిగులుతుంది. నిండు లోడుతో అలా దిగడం తప్పని నాకు తెలుసు. అయినా నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ అదే నేర్పాను. కంపెనీ వాళ్ళు పక్కన కూర్చున్నప్పుడు మాత్రం చేయకూడదన్నది మొదటి పాఠం. నువ్వు ఇచ్చే సెలవులన్నీ వాళ్ళు కొట్టేసింది ఈ విద్యతోనే.

ఇప్పుడు నీ ఇస్త్రీ పెట్టెలకీ అదే చేస్తున్నారు. పాపం, బ్యాటరీ ఆదా అవుతుందనే. పల్లంలో బ్యాటరీ నిండుతుందని డాక్టరు చెప్పాడు, నిజమే. న్యూట్రల్‌లో పెడితే ఇంకా మిగులుతుందని వీళ్ళు దానికి కలుపుకున్నారు. న్యూట్రల్‌లో పెడితే చక్రానికీ మోటారుకీ మాటల్లేవు, మొగుడూ పెళ్ళాం అలిగినట్టే. ఇక కరెంటు ఎక్కడ పుడుతుంది? డాక్టరు పక్కన ఉన్నప్పుడు అందరూ బుద్ధిగా గేరులో దిగారు, బ్యాటరీ నిండింది. సైలెన్సర్ చాలా ఏళ్ళ కిందట ఒకసారి న్యూట్రల్‌లో పెట్టి భయపడి లుంగీ తడుపుకున్నాడు, అప్పటినుంచి దాని జోలికి పోడు. నా ఉత్తమ శిష్యులు కాబట్టే ఆ ఐదుగురూ ఓడుతున్నారు.

నాకిది ముప్పయ్యో రోజునే తెలుసు. పిసినారి బండి చక్రం కిర్రుమంటోందంటే విప్పాను. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనింగు సగానికి అరిగిపోయి ఉంది. చక్రాన్ని మోటారే పట్టి ఆపే బండికి లైనింగు ఎందుకు అరగాలి? క్షణంలో అర్థమైంది. అర్థమయ్యాక నేను చేసిన పని, డీజిలు బండ్ల లైనింగులు తీసి దానికి వేసి, రిజిస్టరులో రాయకుండా ఊరుకోవడం. తరవాత మిగతా నాలుగింటికీ అంతే. పరీక్ష ఓడితే షెడ్డు ఉంటుంది అనుకున్నాను. నువ్వు చురుకైనదానివి, ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది అని కూడా అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది. తరవాత తరవాత పట్టడం మానేసింది.

ఇవాళ పొద్దున పిసినారి పల్లంలో న్యూట్రల్‌లో దిగుతుంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. ఈ బండ్లు బ్యాటరీలతో మన వాటికంటే ఎంత బరువో నీకు తెలుసు. గేరు వేద్దామంటే కంగారులో బటన్ దొరకలేదట. పక్కనున్న కంకర గుట్టలోకి ఎక్కించి ఆపాడు. ఆ గుట్టకి అవతలే రోడ్డు పనివాళ్ళు ఉన్నారు. నడిచి నా దగ్గరకి వచ్చాడు. నన్ను తిట్టలేదు. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేశాను గదా, ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగాడు.

సిగ్గుతో చచ్చిపోయాను.

మరదలా, ఐదు బండ్లూ ఈ నిమిషమే ఆపించు. అన్ని చక్రాలూ విప్పించి లైనింగులు మార్పించు. ఎవరు చేశారని యజమాని అడిగితే నా పేరు రాయి. డ్రైవర్ల పేరు రాయకు. వాళ్ళు నన్ను నమ్మారు, అంతే.

బావ


కింది యార్డు,
అదే రోజు, సాయంత్రం వచ్చే బండిలో

బావగారూ,

మీ ఉత్తరం చదివి చింపాను. మళ్ళీ అతికించాను, సాక్ష్యానికి పనికొస్తుందని. బండ్లు ఆపించాను. ఐదింటిలో మూడింటి లైనింగులు కాగితంలా ఉన్నాయి.

మీ గురించి నాకు వచ్చిన తిట్లు అన్నీ ఇక్కడ రాస్తే లారీ మోయలేదు. యాభై ఎనిమిది రోజులు! నేను ఇక్కడ బ్యాటరీలు మారుస్తూ, డాక్టరు ముందు దొంగలా నిలబడుతూ ఉంటే, మీరు అక్కడ లైనింగులు మారుస్తూ కూర్చున్నారు. పిసినారికి ఇద్దరు ఆడపిల్లలు. రోడ్డు పనివాళ్ళకి ఎందరో నాకు తెలియదు, మీకూ తెలియదు.

రేపు మొదటి బండిలో కిందికి దిగండి. ఐదుగురి పక్కనా కూర్చోండి. ముప్పై ఏళ్ళు ఎక్కించింది రెండు రోజుల్లో దింపాలి. నేను చెబితే వినరు, నాకు లారీ రాదనుకుంటారు. మీరు చెబితే వింటారు. అదే కదా ఇంతవరకూ తెచ్చింది.

అక్కకి మీరే చెప్పండి. నేను చెప్పను.

మేనేజరు


మూడో నంబరు ఎలక్ట్రిక్ బండి, డ్రైవరు పక్క సీటు,
తొంభై రెండో రోజు

మేనేజరు గారికి,

పల్లంలో దిగుతూ రాస్తున్నాను. చూడు, అక్షరం వంకర పోలేదు. డీజిలు బండిలో రాస్తే బ్యాంకువాళ్ళు సంతకం ఒప్పుకోరు.

ఐదుగురినీ యార్డులో కూర్చోబెట్టి, నేను నేర్పింది తప్పు అని చెప్పాను. పక్కనే ఉన్న సైలెన్సర్ అందుకున్నాడు, నలభై నిమిషాలు. ఇన్నాళ్ళూ వాడిని పిరికివాడని వెక్కిరించిన ప్రతి సందర్భమూ తారీకులతో సహా చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. మొదటిసారి వాడి మాటల్లో లారీ సంగతి ఉంది.

వీళ్ళ చెయ్యి ఇంకా అలవాటుగా న్యూట్రల్ మీదికి పోతోంది. అప్పుడల్లా స్కేలుతో కొడుతున్నాను. పిసినారి మాత్రం స్టీరింగు ముట్టుకోవడానికి రెండు రోజులు భయపడ్డాడు. నిన్న నేను పక్కన కూర్చుంటే నెమ్మదిగా దించాడు. దిగాక బ్యాటరీ అంకె చూపించి, "అన్నా, పెరిగింది" అన్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఇంకో సంగతి. ఇంజను మోత లేకపోతే డ్రైవర్లు నా గురించి ఏమనుకుంటారో అంతా వినబడుతుంది. ముప్పై ఏళ్ళు హాయిగా బతికాను.

మీ అక్కకి చెప్పాను. మాట్లాడటం మానేసింది. ఈసారి తప్పెక్కడుందో నాకు తెలుసు.

బావ


కింది యార్డు,
పరీక్ష ముగిసిన మర్నాడు

బావగారికి,

నెగ్గాం. ఆరు బండ్లు, ముప్పై రోజులు, ఒక్కరోజు ఒక్క బండి మూడో ట్రిప్పు తప్పింది, అది పంచరు వల్ల. మేనల్లుడు టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

రిపోర్టులో మీ పేరు రాశాను. దాని కింద నా పేరు కూడా రాశాను. తక్కువ తాగించినవాడికి సెలవు అన్నది నేను, ఎలా తక్కువ తాగిస్తున్నారని ఒక్కరోజూ అడగనిదీ నేను. నా పద్ధతి గొప్పదని మీటింగుల్లో మురిసిపోయాను. యజమాని నాకు హెచ్చరిక కాగితం ఇచ్చాడు, ఈసారి నవ్వకుండా. డ్రైవర్లని ఏమీ అనలేదు. మిమ్మల్ని పనిలోంచి తీసేస్తానన్నాడు. గంటన్నర వాదించాను. చివరికి హెడ్ మెకానిక్కు హోదా తీసేసి, కింది యార్డులో ఎలక్ట్రిక్ బండ్ల తరగతికి పంపుతామన్నాడు. ఆరు నెలలు చదవాలి, పరీక్ష రాయాలి. మీ తోటి విద్యార్థుల్లో సగం మందికి మీసాలు రాలేదు. మిగతా సగంలో సైలెన్సర్ ఉన్నాడు.

ఇక నేను దాచింది. యజమానికి ఇచ్చిన ఆఖరి కాగితాల్లో నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "పరీక్ష నెగ్గినచో పై షెడ్డు మూసివేయబడును." దాన్ని టైపు చేసింది నేనే, మీకు మొదటి ఉత్తరం రాయడానికి నెల ముందు. షెడ్డు లేకపోతే మిగిలేదెంతో చూపిస్తేగానీ ఆయన ఒప్పుకోలేదు. నట్లూ బోల్టులూ అని రాసినప్పుడు నాకు తెలుసు. మీరు ఒక్క ముక్కలో అడిగినప్పుడూ తెలుసు. చెబితే మీరు డ్రైవర్లని ఏరి పెట్టరని భయపడ్డాను. మిమ్మల్ని అన్ని మాటలన్నాక, ఇది చెప్పకుండా ఉంటే అన్నం సహించడం లేదు.

షెడ్డు అప్పగింత కాగితాలు దీంతోనే పంపుతున్నాను. షెడ్డు పెద్దగా మీ సంతకం కావాలట. ఇంకెవరిదైనా సరిపోతుందేమో అని అడిగాను. సరిపోదన్నారు.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

మరదలు


పై షెడ్డు,
ఆఖరి శనివారం

మరదలు పిల్లా,

ఆ నాలుగో పేజీ నేను ఇరవయ్యో రోజునే చదివాను. నీ ఆఫీసువాళ్ళు స్పేర్ పార్టుల జాబితా కింద పొరపాటున దాని కాపీ పెట్టి పంపారు. చదివి ఒళ్ళు మండిపోయింది. నువ్వు నాతో అబద్ధమాడావు కాబట్టి నేనూ ఆడొచ్చు అనుకున్నాను. పల్లం సంగతి చెప్పిన ఉత్తరంలో అంతా రాశాను గానీ ఇది రాయలేదు. నీ మీద కోపంతో పిసినారిని చంపబోయానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇప్పుడు నువ్వు చెప్పావు కాబట్టి చెబుతున్నాను. ఇద్దరం ఇద్దరమే. మీ అక్కకి మాత్రం నీ పేజీ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. మనిద్దరి మధ్యా తనొక్కతే నిజాయితీపరురాలు, అందుకే నెలరోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నిన్న మాట్లాడింది. "సామాన్లు ఎప్పుడు సర్దాలి?" అని అడిగింది.

పదిహేడో నంబరుని నిన్న కొన్నవాళ్ళు తోలుకుపోయారు. షెడ్డు ఖాళీ. ఇనప సామాన్లు లెక్క రాశాను. ఈసారి రిజిస్టరులో అన్నీ ఉన్నాయి, వాడిన లైనింగులతో సహా.

తరగతికి వస్తాను. ముందు బెంచీలో కూర్చోను. సైలెన్సర్ పక్కన అసలే కూర్చోను. నిన్ను యార్డులో మేడం అని పిలవాలంటే పిలుస్తాను, ఇంట్లో మాత్రం దానికి వడ్డీతో సహా తీర్చుకుంటాను.

కాగితాలు దీంతో ఉన్నాయి, సంతకం పెట్టాను. మూడో పేజీలో నా పేరు కాస్త వణికి ఉంటుంది, తప్పుడు సంతకమని వెనక్కి పంపకు, అది నాదే. కళ్ళజోడు లేక అలా వచ్చిందని మీ అక్కతో చెప్పాను. నీతో చెప్పను. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను.

బావ